‘గెట్’ను సరిగ్గా వాడడం ఎలా? తెలుగు వాక్యం నుంచే దారి

గుంటూరు బ్రాడీపేటలో అయినా, విజయవాడ గవర్నర్‌పేటలో అయినా, స్పోకెన్ ఇంగ్లిష్ బ్యాచ్ మొదలైన వారంలోపే ఈ ప్రశ్న వచ్చేస్తుంది: “సార్, గెట్ అంటే ఏంటి? ఒక్క ముక్కలో చెప్పండి, రాసేసుకుంటాం.” చాలామంది గైడులో ఉన్నట్టే ‘పొందు’ అని రాసుకుంటారు. మర్నాడు ఒకరు ‘గెట్ వెల్ సూన్’ అని మెసేజ్ పెడతారు, ఇంకొకరు కారు తలుపు తీసి ‘గెట్ ఇన్’ అంటారు, హెచ్ఆర్ ఆవిడ ఫోన్లో ‘ఐ విల్ గెట్ బ్యాక్ టు యు’ అంటుంది. రాసుకున్న ‘పొందు’ ఎక్కడా అతకదు.

అందుకని ఇక్కడ అర్థాల జాబితా ఇవ్వడం లేదు. నిఘంటువులో అది పేజీలకు పేజీలు ఉంటుంది, బట్టీ పట్టినా మాట్లాడేటప్పుడు నోటికి రాదు. మీ నోట్లో ఉన్న తెలుగు వాక్యాన్ని చూసి అక్కడ ‘గెట్’ పడుతుందా లేదా, పడితే మాటలు ఏ వరసలో పెట్టాలి అని తేల్చుకునే పద్ధతి ఇస్తున్నాను.

కావలసినవి

ఒక నోటుబుక్కు. ఫోన్లో ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ గానీ కేంబ్రిడ్జ్ డిక్షనరీ గానీ తెరిచి ఉంచుకోండి, రెండూ ఉచితమే. ఇంగ్లిష్–తెలుగు నిఘంటువు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఈ క్రియ దగ్గర దెబ్బ తింటారు. అది మాటకు మాట ఇస్తుంది, మనకు కావలసింది వాక్యం.

క్రియ రూపాలు నోటికి రావాలి: గెట్, గాట్, గాట్. అమెరికాలో మూడోది ‘గాటెన్’. ‘ఇంగ్’ చేరిస్తే ‘గెటింగ్’, రాసేటప్పుడు ‘టి’ రెండుసార్లు పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: నిన్న మీరు ఇంట్లో, ఆఫీసులో, ఆటోలో నిజంగా మాట్లాడిన తెలుగు వాక్యాలు ఓ పదో పన్నెండో. ‘ఓటీపీ రాలేదు’, ‘బండి సర్వీసింగ్ చేయించాలి’, ‘లేటయిపోయింది’ లాంటివి. గైడులోని ‘రాముడు మంచి బాలుడు’ తరహా వాక్యాలు వద్దు, వాటిలో ‘గెట్’ దొరకదు.

1. ‘గెట్’ను కాదు, దాని పక్క మాటను చూడండి

ఈ క్రియకు సొంత బరువు తక్కువ. పక్కన ఏం వస్తే ఆ అర్థం తెచ్చుకుంటుంది. మీకు వినబడే వాక్యాల్లో చాలా మటుకు ఈ అయిదు వరసల్లో ఒకదాంట్లో పడతాయి.

వస్తువు పేరు వస్తే: రావడం, దొరకడం, కొనడం, తేవడం. ‘గెట్ ఎ జాబ్’, ‘గెట్ ది టికెట్స్’.
స్థితిని చెప్పే మాట వస్తే: అవడం, మారడం. ‘గెట్ టైర్డ్’, ‘గెట్ లేట్’.
చోటు, దిక్కు చెప్పే మాట వస్తే: కదలడం, చేరడం. ‘గెట్ హోమ్’, ‘గెట్ ఆఫ్’.
వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం వస్తే: చేయించుకోవడం. ‘గెట్ ది బైక్ రిపేర్డ్’.
మనిషి, ఆ తర్వాత ‘టు’, ఆ తర్వాత క్రియ వస్తే: ఒప్పించి చేయించడం. ‘గెట్ హిమ్ టు కమ్’.

‘గెట్ ఇట్’ అన్నప్పుడు ‘అర్థమైంది’ అనే అర్థం కూడా మొదటి వరసలోదే. విషయం చేతికి దొరికింది అన్నమాట. మనం మాత్రం “పాయింట్ పట్టేశాడు” అనమా?

నోటుబుక్కులో ఈ అయిదూ అయిదు పేజీల మీద తలకట్టుగా రాసి పెట్టుకోండి. ఇకమీదట కొత్త వాక్యం వినబడితే అర్థం రాయకండి, ఏ పేజీలో పడుతుందో ఆ పేజీలో వాక్యం మొత్తం రాయండి.

2. ‘నాకు… వచ్చింది’ వాక్యాలను ఏరండి

తెలుగులో మనకు ఏది జరిగినా ‘నాకు’ అని మొదలుపెడతాం. నాకు ఉద్యోగం వచ్చింది, నాకు ఫోన్ వచ్చింది, నాకు సీటు దొరికింది, నాకు జీతం పడింది. ఇంగ్లిష్ అదే సంగతిని మనిషి వైపు నుంచి చెబుతుంది. మన ‘నాకు’ అక్కడ ‘ఐ’ అవుతుంది, మన ‘వచ్చింది, దొరికింది, అందింది, పడింది’ అన్నీ కలిసి ‘గాట్’ అవుతాయి.

ఐ గాట్ ఎ జాబ్. ఐ గాట్ ఎ కాల్ ఫ్రమ్ ది బ్యాంక్. వుయ్ గాట్ సీట్స్ నియర్ ది విండో. ఐ గాట్ మై శాలరీ.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, ‘వచ్చింది’ అనే మాటను పట్టుకుని ‘కమ్’ను లాక్కొస్తాం. ‘జాబ్ కేమ్ టు మీ’, ‘ఫీవర్ ఈజ్ కమింగ్ టు మై సన్’. వినేవాళ్లకు జ్వరం నడిచి వస్తున్నట్టు ఉంటుంది. జ్వరం ఇప్పటికే ఉంటే ‘మై సన్ హ్యాజ్ ఎ ఫీవర్’, వర్షంలో తడిశాక వచ్చిందని చెప్పాలంటే ‘హి గాట్ ఎ ఫీవర్’.

ఇక్కడే ఒక హెచ్చరిక. ‘నాకు’ అని మొదలైన ప్రతి వాక్యానికీ ‘గాట్’ తగిలించకండి. వాక్యం చివర చూడండి. చివర ‘వచ్చింది, దొరికింది, అందింది’ ఉంటే ఏదో కొత్తగా జరిగింది, ‘గెట్’ పడుతుంది. చివర ‘ఉంది, తెలుసు, ఇష్టం, కావాలి’ ఉంటే అది ఉన్న స్థితి, ‘గెట్’ పడదు. నాకు ఆకలిగా ఉంది అంటే ‘ఐ యామ్ హంగ్రీ’. నాకు తెలుసు అంటే ‘ఐ నో’. నాకు ఇద్దరు పిల్లలు అంటే ‘ఐ హ్యావ్ టూ చిల్డ్రన్’. ఈ చివరి దాన్ని ‘ఐ గాట్ టూ చిల్డ్రన్’ అనకండి, పిల్లల్ని ఎక్కడి నుంచో తెచ్చుకున్నట్టు వినబడుతుంది.

కొనుగోళ్లు కూడా ఈ పేజీలోకే వస్తాయి. బీసెంట్ రోడ్డులో చెప్పులు బేరమాడి కొన్నారనుకోండి, ‘నాలుగొందలకి వచ్చాయి’ అంటారు. ‘ఐ గాట్ దెమ్ ఫర్ ఫోర్ హండ్రెడ్.’ ‘బాట్’ అన్నా తప్పు కాదు, కానీ బేరం కుదిరిన సంతోషం ‘గాట్’లోనే ఉంది. ధర ముందు ‘ఫర్’ మరచిపోకండి, ‘టు’ కాదు, ‘విత్’ కాదు.

వెళ్లి తీసుకురమ్మన్నప్పుడూ ఇదే. ‘గెట్ మీ ఎ కాఫీ.’ స్నేహితుడితో సరే, పై అధికారితో అనకండి. అక్కడ ‘కుడ్ యు గెట్ మీ’ అని మొదలుపెట్టాలి. తెలుగులో ‘తే’ అనడానికీ ‘తెస్తారా’ అనడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే.

3. ‘అయింది, అవుతోంది, పోయింది’ వాక్యాలను ఏరండి

అలసిపోయాను, చీకటి పడుతోంది, లేటయింది, కోపం వచ్చింది, టీ చల్లారిపోయింది. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడం. ఐ గాట్ టైర్డ్. ఇట్ ఈజ్ గెటింగ్ డార్క్. ఇట్ ఈజ్ గెటింగ్ లేట్. హి గాట్ యాంగ్రీ. ది టీ గాట్ కోల్డ్.

‘ఈజ్’తో తేడా తెలియాలంటే మన ఎండాకాలం చాలు. ఫిబ్రవరి చివర బెజవాడలో ‘ఇట్ ఈజ్ గెటింగ్ హాట్’ అనాలి, ఎండలు ముదురుతున్నాయి అని. మే నెలలో ‘ఇట్ ఈజ్ హాట్’ అనేస్తే సరిపోతుంది, ముదరడానికి ఇంకేం మిగలదు.

‘కోపం వచ్చింది’ దగ్గర జాగ్రత్త. తెలుగులో ‘వచ్చింది’ ఉంది కదా అని ‘ఐ గాట్ యాంగర్’ అంటారు. ఇంగ్లిష్‌లో కోపం వస్తువు కాదు, మనిషి స్థితి. ‘ఐ గాట్ యాంగ్రీ’. సిగ్గు, భయం, విసుగు, చిరాకు అన్నిటికీ ఇదే సూత్రం: గాట్ స్కేర్డ్, గాట్ బోర్డ్, గాట్ ఇరిటేటెడ్. ‘బోరింగ్’ అన్నారో, మీరే ఎదుటివాళ్లకి విసుగు పుట్టించే మనిషి అయిపోతారు.

ఇంకో గుంట ఉంది, దీంట్లో డిగ్రీ చదివినవాళ్లు కూడా పడతారు. ‘మా అన్నయ్య డాక్టర్ అయ్యాడు’ అనడానికి ‘మై బ్రదర్ గాట్ ఎ డాక్టర్’ అంటే, మీ అన్నయ్యకు ఎవరో డాక్టర్ దొరికాడని అర్థం. ‘హి గాట్ ఎ లాయర్’ అంటే వకీలును పెట్టుకున్నాడు, వకీలు అవలేదు. వృత్తి, పదవి, బంధుత్వం పేరు పక్కన ఉంటే ‘బికేమ్’ ఒక్కటే దారి. మీ అన్నయ్య ‘బికేమ్ ఎ డాక్టర్’.

4. బస్సు, ఆటో, ఇల్లు: కదిలే ‘గెట్’

మన బస్సుల్లో అందరూ ‘ఐ విల్ గెట్ డౌన్ ఎట్ బెంజ్ సర్కిల్’ అంటారు. తెలుగులో ‘దిగు’ ఉంది కాబట్టి కిందికి అనే ‘డౌన్’ వచ్చి చేరింది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, ఇక్కడ దాన్ని తప్పుబట్టడం నాకు చాదస్తంగానే కనిపిస్తుంది. విదేశీయులతో మాత్రం ‘గెట్ ఆఫ్’ అనండి. వాళ్ల చెవికి ‘గెట్ డౌన్’ అంటే కిందికి వంగు, నేల మీద పడుకో అన్నట్టు కూడా వినిపించవచ్చు.

ఏ బండికి ఏ మాట అన్నది ఇలా గుర్తుపెట్టుకోండి. లోపల నిలబడి నడవగలిగితే ‘ఆన్, ఆఫ్’: బస్సు, రైలు, విమానం. వంగి లోపలికి దూరి కూర్చోవాల్సి వస్తే ‘ఇన్, ఔట్ ఆఫ్’: కారు, ఆటో. కాలు అటూ ఇటూ వేసి ఎక్కేవి, అంటే సైకిలు, స్కూటరు, గుర్రం, మళ్లీ ‘ఆన్, ఆఫ్’.

కాబట్టి పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో ‘గెట్ ఆన్ ది గుంటూర్ బస్’, మంగళగిరిలో ‘గెట్ ఆఫ్’, అక్కడ ‘గెట్ ఇన్ ఏన్ ఆటో’.

చేరడానికి ‘గెట్ టు’. ‘హౌ డు ఐ గెట్ టు ప్రకాశం బ్యారేజ్?’ ఊరు, భవనం, ఆఫీసు పేరుకి ముందు ‘టు’ ఉండాలి. కానీ హోమ్, హియర్, దేర్ ముందు ‘టు’ ఉండకూడదు: ‘ఐ గాట్ హోమ్ ఎట్ నైన్’. ‘రీచ్’ వాడితే ఎక్కడా ‘టు’ అక్కర్లేదు. ఈ రెండూ కలిపేసి ‘రీచ్డ్ టు హోమ్’ అనడం మన జిల్లాల్లో చాలా ఎక్కువ.

‘గెట్ అప్’ అంటే పక్క మీంచి లేవడం, ‘వేక్ అప్’ అంటే మెలకువ రావడం. అయిదింటికి మెలకువ వచ్చి ఏడింటికి లేచేవాళ్లకు ఈ తేడా వేరే చెప్పాలా? మన సినిమావాళ్ల ‘గెటప్’, అంటే వేషం, కూడా ఇంగ్లిష్‌లో ఉన్నదే. దాన్ని మనం పుట్టించలేదు, బాగా వాడుకుంటున్నాం, అంతే.

5. చేయించుకోవడం: అసలు పట్టు ఇక్కడే దొరకాలి

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. చేశాను వేరు, చేయించాను వేరు, చేయించుకున్నాను వేరు. కుట్టాను అంటే నేను కుట్టాను, కుట్టించాను అంటే దర్జీ కుట్టాడు. ఒక్క ‘ఇంచు’తో పని ఎవరు చేశారో తేలిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ పని ‘గెట్’ చేస్తుంది, అయితే మాటల వరస మార్చి చేస్తుంది.

ఈ మెట్టు దాటనివాళ్లు ఇలా అంటారు:

ఐ స్టిచ్డ్ టూ బ్లౌజెస్ ఫర్ ది మ్యారేజ్.
ఐ కట్ మై హెయిర్ ఎస్టర్‌డే.
ఐ రిపేర్డ్ మై కార్ ఇన్ ఆటోనగర్.

వ్యాకరణం ప్రకారం ఒక్కటీ తప్పు కాదు, అదే అసలు ప్రమాదం. ఎవరూ దిద్దరు. వినేవాళ్లు మీకు కుట్టుపని వచ్చనీ, మీ జుట్టు మీరే కత్తిరించుకుంటారనీ, మీరు మెకానిక్కనీ అనుకుంటారు. ఇంటర్వ్యూలో ‘ఐ రిపేర్డ్ మై కార్’ అంటే ఇంజిన్ గురించి ప్రశ్న పడినా ఆశ్చర్యం లేదు.

సరైన వరస ఇది: మనిషి, గెట్, వస్తువు, క్రియ మూడో రూపం.

ఐ గాట్ టూ బ్లౌజెస్ స్టిచ్డ్.
ఐ గాట్ మై హెయిర్ కట్.
ఐ గాట్ మై కార్ రిపేర్డ్ ఇన్ ఆటోనగర్.

వస్తువు మధ్యలో ఉండాలి. ‘ఐ గాట్ స్టిచ్డ్ టూ బ్లౌజెస్’ అన్నారంటే వాక్యం చెడింది. తెలుగులో వస్తువు తర్వాతే క్రియ వస్తుంది కదా, ‘జాకెట్లు కుట్టించాను’ అని. ఇంగ్లిష్‌లో ఎప్పుడూ అలా రాదని బడిలో నేర్చుకున్నాం కాబట్టి అలవాటుగా ముందుకు తోసేస్తాం. ఈ ఒక్క చోట మన వరసకి దగ్గరగానే ఉంచండి: జాకెట్లు, కుట్టించడం.

ఏ కాలమైనా మారేది ‘గెట్’ ఒక్కటే, చివరి మాట మారదు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం: ‘వుయ్ ఆర్ గెటింగ్ ది హౌస్ పెయింటెడ్’. ఆధార్‌లో అడ్రస్ మార్పించుకోవాలి: ‘ఐ హ్యావ్ టు గెట్ మై ఆధార్ అడ్రస్ చేంజ్డ్’. కళ్లు పరీక్ష చేయించుకున్నారా: ‘డిడ్ యు గెట్ యువర్ ఐస్ టెస్టెడ్?’

చేసినవాడి పేరు చెప్పాలంటే రెండు దారులు. ఒకటి, చివర ‘బై’ పెట్టడం. రెండోది, మనిషిని మధ్యలోకి తేవడం: ‘ఐ గాట్ ది మెకానిక్ టు చెక్ ది బ్రేక్స్’. ఇలా అన్నప్పుడు అడిగి, బతిమాలి, ఒప్పించి చేయించిన ధ్వని కూడా వస్తుంది. తాతగారిని ఎలాగో ఒప్పించి ఆస్పత్రికి తీసుకెళ్లారనుకోండి, ‘వుయ్ ఫైనలీ గాట్ హిమ్ టు సీ ఎ డాక్టర్’ అంటే ఆ తంటా అంతా వినిపిస్తుంది. ఇక్కడ ‘టు’ తప్పనిసరి. ‘మేక్’, ‘హ్యావ్’ వాడితే ‘టు’ ఉండదు: ‘మేడ్ హిమ్ కమ్’, ‘హ్యాడ్ హిమ్ కమ్’, కానీ ‘గాట్ హిమ్ టు కమ్’. పరీక్షల్లో ప్రశ్న పడేది కూడా సరిగ్గా ఈ ‘టు’ మీదే.

రెండు హెచ్చరికలు. ‘ఐ గాట్ మై హోమ్‌వర్క్ డన్’ అంటే వేరేవాళ్ల చేత చేయించుకున్నానని కాదు, పూర్తి చేసేశాను అని. ‘డన్, ఫినిష్డ్’ లాంటి మాటలతో ఈ అర్థం వస్తుంది, సందర్భం చూసుకోవాలి. ఇక నష్టం జరిగినప్పుడు, ఫోన్ పోయిందనో పర్సు కొట్టేశారనో చెప్పాలంటే, ‘గాట్’ కంటే ‘హ్యాడ్’ మేలు: ‘ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్’. ‘గాట్’ అంటే మీ అజాగ్రత్త వల్లే పోయిందన్న ఛాయ రావచ్చు.

6. పెళ్లి, ప్రమోషన్, బదిలీ

‘గెట్’ పక్కన వస్తువు లేకుండా నేరుగా మూడో రూపం వస్తే, మనకు జరిగింది అని: గాట్ మ్యారీడ్, గాట్ ప్రమోటెడ్, గాట్ సెలెక్టెడ్, గాట్ ట్రాన్స్‌ఫర్డ్ టు గుంటూర్. మాటల్లో హాయిగా వాడుకోండి.

తప్పు ఒక్కటే, కానీ శుభలేఖల కాలం వచ్చిందంటే ఊరంతా వినిపిస్తుంది: ‘షి గాట్ మ్యారీడ్ విత్ ఎ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’. తెలుగులో ‘ఇంజనీరుతో పెళ్లయింది’ అన్న ‘తో’ అక్కడ ‘విత్’గా దిగింది. ఇంగ్లిష్‌లో ‘టు’. గాట్ మ్యారీడ్ టు.

7. ‘హ్యావ్ గాట్’, ‘గాటెన్’, ‘డిడ్ నాట్ గాట్’

చివరిదానితో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంగ్లిష్ మీడియం పిల్లల నోట కూడా వినిపిస్తుంది. ‘ఐ డిడ్ నాట్ గాట్ ది ఓటీపీ.’ ‘డిడ్’ వచ్చాక కాలం అక్కడే అయిపోయింది, రెండోసారి చెప్పక్కర్లేదు. ‘ఐ డిడ్ నాట్ గెట్ ది ఓటీపీ’. ప్రశ్నలోనూ అంతే: ‘డిడ్ యు గెట్?’

‘హ్యావ్ గాట్’ అంటే ఉంది అని, అంతకు మించి ఏమీ లేదు. ‘ఐ హ్యావ్ గాట్ ఎ డౌట్’, ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ రెండూ ఒకటే. ‘డు యు హ్యావ్ గాట్’ అని రెంటినీ కుట్టేయకండి. ‘డు యు హ్యావ్’ గానీ ‘హ్యావ్ యు గాట్’ గానీ. గడిచిన కాలానికి ‘హ్యాడ్’ చాలు.

అమెరికాలో ఉన్న మీ మేనల్లుడు ‘ఐ హ్యావ్ గాటెన్ ఎ న్యూ జాబ్’ అంటే తప్పు మాట్లాడుతున్నాడని అనుకోవద్దు. ‘గాటెన్’ పాత ఇంగ్లండ్ రూపమే. అక్కడ వాడుకలోంచి జారిపోయింది, అమెరికాలో నిలిచింది. వాళ్లకి ‘హ్యావ్ గాటెన్’ అంటే దొరికింది, ‘హ్యావ్ గాట్’ అంటే ఉంది. ‘ఫర్‌గాటెన్’లో మాత్రం రెండు దేశాలూ ఆ పాత తోకను ఉంచుకున్నాయి. మీరు ఏదో ఒక పద్ధతి ఎంచుకుని దానిమీదే ఉండండి.

పలకడం గురించి ఒక్క మాట. తెలుగు నోటికి చివర అచ్చు ఉండాలి కాబట్టి ‘గెట్టు’, ‘గాట్టు’ అంటాం. గుంటూరు మిర్చి ఘాటులాగా ఆ చివరి ‘టు’ గొంతులో నిలిచిపోతుంది. పెదవులు గుండ్రంగా చుట్టకుండా ‘ట్’ దగ్గర ఆపేయండి. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే దాంట్లో కలిపేయండి: గెట్ అప్ కాదు, ‘గెటప్’. గెట్ ఇట్ కాదు, ‘గెటిట్’.

8. పుట్టుపూర్వోత్తరాలు, కొంచెమే

ఇది లేకపోయినా మాట్లాడొచ్చు. కానీ చాలామంది అడుగుతారు, తెలిస్తే గుర్తుంటుంది కూడా.

ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో తొమ్మిదో శతాబ్దం నుంచి వైకింగ్‌లు, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు, స్థిరపడ్డారు. వాళ్ల పాత నార్స్ భాషలోని ‘గెటా’ అనే క్రియ నుంచి ‘గెట్’ వచ్చింది. ఇంగ్లిష్ రాతల్లో 1200 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. టేక్, ఎగ్, స్కై, విండో, నైఫ్, హజ్బెండ్, చివరికి ‘దే’ కూడా అదే దారిన వచ్చినవి. అంటే రోజూ వాడే మాటల్లో బోలెడన్ని అరువు సొమ్మే. తెలుగులో ఇంగ్లిష్ కలిసిందని బెంగపడేవాళ్లకు ఇది చెబుతుంటాను.

పాత ఇంగ్లిష్‌లోనూ ఈ కుటుంబపు క్రియ ఉండేది, కానీ ఒంటరిగా కాదు, జతలోనే. ‘ఫర్‌గెట్’, ‘బిగెట్’ అలా మిగిలినవే. ఆ రోజుల్లో అక్కడ ‘య’ శబ్దంతో పలికేవారు, గట్టి ‘గ’ నార్స్ చలవ. అసలు మూలార్థం పట్టుకోవడం. ‘ఫర్‌గెట్’ అంటే పట్టు జారిపోవడం. లాటిన్ దారిలో వచ్చిన ‘కాంప్రిహెండ్’ కూడా వెనక్కి వెళ్తే ఇదే ధాతువు దగ్గరకి చేరుతుంది. అక్కడా పట్టుకోవడమే. పట్టు, చిక్కు, దొరుకు అని మనసులో పెట్టుకుంటే మొదటి రెండు పేజీల వాక్యాలు వాటంతట అవే కుదురుకుంటాయి.

9. ఎక్కడ వాడకూడదు

దరఖాస్తులో, రెజ్యూమెలో, ఆఫీసు ఉత్తరంలో ‘గెట్’ను తగ్గించండి. ‘ఐ గాట్ మై డిగ్రీ ఇన్ 2019’ తప్పు కాదు, కానీ కాగితం మీద ‘రిసీవ్డ్’ గానీ ‘కంప్లీటెడ్’ గానీ నిలబడతాయి. ‘గాట్ ప్రమోటెడ్’ బదులు ‘వాజ్ ప్రమోటెడ్’.

దీనికి రెండో వైపు కూడా ఉంది, నాకు అదే ఎక్కువ చికాకు. వ్యాకరణం బాగా చదివినవాళ్లు మామూలు మాటల్లో కూడా ‘ఐ ఆబ్టైన్డ్ ఎ సిమ్ కార్డ్’, ‘ఐ రిసీవ్డ్ ఎ కోల్డ్’ అంటారు. మాట్లాడేటప్పుడు ‘గాట్’ వాడడం చిన్నతనం కాదు. కాలేజీ చదువు లేని ఇంగ్లిష్‌వాడూ, ప్రొఫెసరూ, ఇద్దరూ రోజంతా వాడేది అదే.

‘గెట్ ఓవర్’, ‘గెట్ అలాంగ్’, ‘గెట్ అవే విత్’ లాంటి జంట మాటల్ని వందల కొద్దీ జాబితాగా అమ్మే పుస్తకాలు పటమటలోనూ ఉన్నాయి, అరండల్‌పేటలోనూ ఉన్నాయి. కొనకండి. మీకు ఎదురైన వాటిని మాత్రం వాక్యంతో సహా రాసుకోండి. ముందుగా ఇవి చాలు: ‘గెట్ బ్యాక్ టు యు’, అంటే మళ్లీ చెబుతాను (మన ఆఫీసుల్లో ‘రివర్ట్ బ్యాక్’ అని రాసే చోట ఇది పెట్టండి), ‘గెట్ రిడ్ ఆఫ్’, అంటే వదిలించుకోవడం, ‘గెట్ త్రూ’, అంటే గట్టెక్కడం లేదా ఫోన్ కలవడం.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మార్చి చూడండి. మీరు రాసిన వాక్యంలో ‘గెట్’ తీసేసి రిసీవ్, బై, బికమ్, అరైవ్, అండర్‌స్టాండ్‌లలో ఒకటి పెట్టండి. ఏదో ఒకటి అతికి అర్థం చెడకపోతే మొదటి మూడు పేజీల వాక్యం సరిగ్గానే ఉంది (వృత్తి, పదవి, బంధుత్వం పేర్లు తప్ప, అక్కడ ‘బికమ్’ అతికినా ‘గెట్’ పడదు). చేయించుకునే వాక్యానికి ఈ పరీక్ష పనిచేయదు. అక్కడ ‘గాట్’ బదులు ‘హ్యాడ్’ పెట్టి చూడండి: ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’. మనిషి ఉన్న వాక్యమైతే ‘టు’ కూడా తీసేయాలి.

వెనక్కి తిప్పండి. ఇంగ్లిష్ వాక్యాన్ని కాసేపయ్యాక మళ్లీ తెలుగులో చెప్పండి. ‘కుట్టించాను’ అని మొదలుపెట్టింది ‘కుట్టాను’ అని తిరిగి వస్తే దారిలో ‘గెట్’ పడిపోయిందన్నమాట.

వెతకండి. అనుమానం ఉన్న మూడు నాలుగు మాటల్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్లో కొట్టండి. ఫలితాలన్నీ మన దేశపు సైట్లవే అయితే అది మన వాడుక. తప్పని కాదు, బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు మార్చుకోవాలి. ఆ తర్వాత నిఘంటువులో ఉదాహరణ వాక్యాలు చూడండి, అర్థాల వరస కాదు.

చేసి చూడండి. జవాబులు కింద ఉన్నాయి, ముందు చెయ్యి అడ్డం పెట్టుకోండి.

అ) కరెంటు బిల్లు మెసేజ్ వచ్చిందా?
ఆ) మా చెల్లి లెక్చరర్ అయింది.
ఇ) ట్యాంకు శుభ్రం చేయించాలి.
ఈ) బాబాయ్, గుంటూరు ఎన్నింటికి చేరాం?
ఉ) నాకు నీ మీద కోపం లేదు.
ఊ) ఆటో దిగగానే ఫోన్ చెయ్యి.
ఋ) ఎలాగో ఓనర్‌ని ఒప్పించి అద్దె తగ్గించాం.

జవాబులు:

అ) డిడ్ యు గెట్ ది కరెంట్ బిల్ మెసేజ్? ‘గాట్’ అని రాసినవాళ్లు ఏడో మెట్టు మళ్లీ చదవండి.
ఆ) మై సిస్టర్ బికేమ్ ఎ లెక్చరర్.
ఇ) ఐ హ్యావ్ టు గెట్ ది ట్యాంక్ క్లీన్డ్.
ఈ) వాట్ టైమ్ డిడ్ వుయ్ గెట్ టు గుంటూర్? బాబాయ్‌కి ‘అంకుల్’ అంటారో, ‘బాబాయ్’ అనే అంటారో మీ ఇష్టం.
ఉ) ఐ యామ్ నాట్ యాంగ్రీ విత్ యు. చివర ‘లేదు’ ఉంది, స్థితి, కాబట్టి ‘గెట్’ పడదు.
ఊ) కాల్ మీ యాజ్ సూన్ యాజ్ యు గెట్ ఔట్ ఆఫ్ ది ఆటో.
ఋ) వుయ్ సమ్‌హౌ గాట్ ది ఓనర్ టు రెడ్యూస్ ది రెంట్. ‘టు’ లేకుండా రాసి ఉంటే సగం మార్కులే.